అవగాహన: జైనూర్‌లో యోగా నేర్పాల్సింది ఎవరు?

అంశం ఎందుకు?

ఆరోగ్యం, గిరిజన సంక్షేమం, విద్య, రాజ్యాంగం ఒకే ప్రశ్నలో కలిసే అంశాలు తక్కువ. సమ్మిళిత యోగా ఉపాధ్యాయ శిక్షణ వాటిలో ఒకటి. గ్రూప్స్‌కు చదివేవాళ్లలో చాలామంది యోగా అనగానే పతంజలి, అష్టాంగాలు, జూన్ 21 బట్టీపట్టి పుస్తకం మూసేస్తారు. ప్రిలిమ్స్ గట్టెక్కడానికి అది చాలు. మెయిన్స్‌లోనో ఇంటర్వ్యూలోనో ‘గిరిజన ప్రాంతానికి యోగాను ఎలా తీసుకెళ్తారు?’ అని అడిగితే మాత్రం ‘అవగాహన సదస్సులు నిర్వహిస్తాం’ అన్న పాత జవాబే బయటికొస్తుంది. ఆ జవాబుకు మార్కులు పడవు, పడకూడదు కూడా.

చర్చకు ఒక ఊరు కావాలి కాబట్టి జైనూర్‌ను తీసుకుందాం. 2016 అక్టోబరు 11 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ప్రాంతం, ఉట్నూర్ ఐటీడీఏ పరిధి. ఈ చుట్టుపక్కల గూడేల్లో గోండులు, కొలాములు, పర్ధాన్‌లు, తోటీలు, ఆంధ్‌లు, లంబాడాలు ఉంటారు. జైనూర్ బజారుకు వస్తే ముస్లిం కుటుంబాల దుకాణాలు కనిపిస్తాయి. గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు ఒకే సంతలో వినిపిస్తాయి. ఇలాంటి చోట యోగా నేర్పే మనిషి ఎక్కడి నుంచి రావాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, ఎవరు ఎంపిక చేయాలి? ఆసనాల జాబితా కంటే ఇవే అసలు ప్రశ్నలు. వీటికి ఒక మంచి జవాబు ఈ మండలంలోనే, ఎనభై ఏళ్ల కిందటే దొరికింది. దాని సంగతి తర్వాత.

యోగా దినోత్సవం నుంచి ధ్రువపత్రం దాకా

ముందు ప్రిలిమ్స్ సరుకు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2014 డిసెంబరు 11న 69/131 తీర్మానంతో జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. అంతకు నెల ముందే, 2014 నవంబరు 9న, కేంద్రంలో ఆయుష్ విడిగా మంత్రిత్వ శాఖ అయింది. తొలి దినోత్సవం 2015లో ఢిల్లీ రాజ్‌పథ్‌లో జరిగింది. 2016లో యునెస్కో యోగాను మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2020 డిసెంబరులో కేంద్ర క్రీడా శాఖ యోగాసనను పోటీ క్రీడగా గుర్తించింది. 2024 ఇతివృత్తం ‘స్వీయం, సమాజం కోసం యోగా’, 2025ది ‘ఒకే భూమి, ఒకే ఆరోగ్యం కోసం యోగా’. 2025 జాతీయ కార్యక్రమానికి వేదిక విశాఖపట్నం.

శిక్షకుల విషయానికొస్తే, 2015లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ద్వారా స్వచ్ఛంద ధ్రువీకరణ మొదలైంది. 2018లో ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఏర్పడింది. మొదటి మెట్టు యోగా ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్‌కు 200 గంటల శిక్షణ, ఆపై వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కు 400, టీచర్ అండ్ ఎవాల్యుయేటర్‌కు 800, యోగా మాస్టర్‌కు 1600 గంటలు. యోగా థెరపిస్టుల వరుస వేరే. ఈ తేడాను అభ్యర్థులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్ పని ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో సాధన చేయించడం, రోగానికి చికిత్స అతని పని కాదు. 200 గంటల లెక్క అమెరికాలోనూ ఉంది. 1999లో ఏర్పడిన యోగా అలయన్స్ అనే సంస్థ దాన్ని ప్రమాణంగా పెట్టింది, ప్రపంచమంతా ప్రైవేటు శిక్షణ సంస్థలు ఆ అంకె చుట్టూనే కోర్సులు అమ్ముతున్నాయి.

ఆ మొదటి మెట్టు పేరులోని ప్రోటోకాల్ అంటే యోగా దినోత్సవాల్లో చేయించే 45 నిమిషాల ఉమ్మడి యోగా ప్రోటోకాల్.

సమ్మిళితం: ఏది, ఏది కాదు

2025 జూన్ 20న విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయ మైదానంలో 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. మర్నాడు సాగరతీరం వెంట 3 లక్షలకు పైగా జనం. కరెంట్ అఫైర్స్‌లో ఈ అంకెలు అవసరమే. వేల మంది పిల్లలకు అంత క్రమం అలవాటు చేయడం చిన్న పని కాదు, వాళ్లకు నేర్పిన వ్యాయామ ఉపాధ్యాయులను మెచ్చుకోవాలి.

అయితే మైదానంలో గిరిజన పిల్లలు నిలబడినంత మాత్రాన శిక్షణ సమ్మిళితం అయిపోదు. ముందు వరుసలో మైకు పట్టుకున్నది ఎవరన్నది చూడాలి. ఆ మైకు ఏ భాష మాట్లాడింది, అలసిన పిల్లవాడు మధ్యలో కూర్చోవడానికి వీలుందా, వారం తర్వాత ఆ పిల్లల ఊళ్లో నేర్పే మనిషి మిగిలాడా అన్నది చూడాలి. పాల్గొనడం ఒక మెట్టు. నేర్పే స్థానంలోకి రావడం దాని పైమెట్టు. ప్రభుత్వ నివేదికలు సాధారణంగా మొదటిదాన్ని లెక్కపెడతాయి, ఎందుకంటే దాన్ని లెక్కపెట్టడం తేలిక.

ప్రపంచంలో రెండోదాన్ని పట్టుకున్న ఉదాహరణ ఒకటి కెన్యాలో ఉంది. 2007లో నైరోబీలో మొదలైన ఆఫ్రికా యోగా ప్రాజెక్ట్ అక్కడి మురికివాడల యువతీయువకులనే యోగా ఉపాధ్యాయులుగా తయారుచేస్తుంది. వాళ్లు తమ బస్తీల్లో ఉచిత తరగతులు నడుపుతారు, అదే వాళ్లకు ఉపాధి కూడా. మన దేశంలో దీనికి దగ్గరి పోలిక యోగాలో దొరకదు, ఆరోగ్య రంగంలో దొరుకుతుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్త ఆ ఊరి మహిళే కావాలన్నది మొదటి నిబంధన. ఛత్తీస్‌గఢ్‌లో అంతకు ముందే, 2002లో, మితానిన్ పేరుతో ఇదే పద్ధతి మొదలైంది.

మార్లవాయి, 1943

ఇప్పుడు అసలు కథ. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వానికి ఒక భయం పట్టుకుంది. ఈ అడవుల్లో జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం పడింది. ఆ పనిమీద వచ్చినవాడు ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. శత్రుదేశస్థుడన్న కారణంతో బ్రిటిష్‌వాళ్లు ఆయన్ను హైదరాబాద్ సంస్థానం దాటి పోనివ్వలేదు. ఆ కట్టడి ఆదిలాబాద్‌కు మేలే చేసింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ కలిసి జైనూర్ మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉన్నారు.

భూమి పట్టాలు, అటవీ శాఖ వేధింపులు, వడ్డీ వ్యాపారుల దోపిడీ మీద ఆయన నివేదికలు ఇచ్చాడు. మన అంశానికి కావాల్సింది మరొకటి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి ఈ గూడేల్లో బడి లేదు. బయటి నుంచి ఉపాధ్యాయుణ్ని పంపితే వాడు నిలవడు, నిలిచినా పిల్లల మాట వాడికి రాదు. అందుకని అంతో ఇంతో మరాఠీ చదవడం వచ్చిన గోండు యువకులను వెతికి పట్టుకొచ్చారు. చదువు తక్కువన్నది అనర్హతగా చూడలేదు. గోండి భాషలోనే, దేవనాగరి లిపిలో వాచకాలు తయారుచేశారు. శిక్షణ పొందినవాళ్లు తిరిగి తమ గూడేలకే పోయి బడులు నడిపారు. ఆ పద్ధతి చుట్టుపక్కల గూడేలకు పాకింది. 1945లో హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన వర్గాల సలహాదారు అయ్యాడు. ఆయన రాసిన ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వెలువడింది. 1987 జనవరి 11న బెట్టీ, 1995లో ఆయన చనిపోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి, ఏటా జనవరి 11న అక్కడ వర్ధంతి జరుపుతారు.

అభ్యర్థులు ఈ ఘట్టాన్ని తెలంగాణ చరిత్ర పేపర్లో ‘హైమన్‌డార్ఫ్ దంపతులు’ అన్న ఒక్క వాక్యంగా చదివి వదిలేస్తారు. నా దృష్టిలో ఇది ఉపాధ్యాయ శిక్షణ చరిత్రలో ఒక పాఠం. ఎంపిక ఊళ్లోంచి, బోధన ఇంటి భాషలో, పని సొంత గూడెంలో. యోగా శిక్షణకు ఈ మూడింటిని అలాగే వాడుకోవచ్చు. పరాయి దేశపు మనిషి రావాల్సి రావడం మాత్రం మెచ్చుకోదగ్గ విషయం కాదు. అప్పటి ప్రభుత్వానికి తిరుగుబాటు జరిగాక గానీ గోండుల భాష వినాలనిపించలేదు.

అదే మార్లవాయి నుంచి మరో గురువు వచ్చాడు. గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో ఆయన మరణించారు. నెమలి ఈకల టోపీ పెట్టుకుని దండారీ పండుగలో ఆడే ఆ నృత్యాన్ని ఆయన ఎందరో యువకులకు నేర్పాడు. ఏ బోర్డూ ఆయనకు గంటల లెక్కన పత్రం ఇవ్వలేదు. ఊపిరి, అడుగు, నడుము, తాళం కలిపి శరీరానికి విద్య నేర్పే పద్ధతి ఈ గూడేల్లో ముందే ఉందని చెప్పడానికి ఆయన జీవితం చాలు. కాబట్టి యోగా శిక్షకుడు ఇక్కడికి ఖాళీ పలకమీద రాయడానికి వస్తున్నాననుకోకూడదు. గూడెంలో ముసలివాళ్లు కూడా మడమలు నేలకానించి గంటల తరబడి కింద కూర్చుని మాట్లాడుకుంటారు. పట్నంలో ఆ కూర్చోవడాన్నే మలాసనం అని డబ్బిచ్చి నేర్చుకుంటున్నారు.

భాష సంగతి

రాజ్యాంగం 350ఎ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలంటుంది. గోండి ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. 2003 నాటి 92వ సవరణతో చేరిన నాలుగు భాషల్లో గిరిజన భాషలు బోడో, సంతాలీ. కొలాములు, తోటీలు తెలంగాణలోని నాలుగు ప్రత్యేక దుర్బల గిరిజన సమూహాల్లో ఉన్నారు, మిగతా రెండు చెంచులు, కొండరెడ్లు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. గుంజాల జైనూర్‌కు దూరమేమీ కాదు.

యోగా తరగతిలో భాష ఎందుకంత ముఖ్యమంటే, ఇక్కడ పొరపాటు మాట నొప్పిగా మారుతుంది. ‘శ్వాస తీసుకుంటూ లేవండి, వదులుతూ వంగండి’ అన్నది అర్థం కాకపోతే మనిషి ఊపిరి బిగబట్టి వంగుతాడు. ఎదుటివాణ్ని చూసి అనుకరిస్తాడు గానీ, తన మోకాలు ఎక్కడ ఆగమంటోందో వినడు. ‘నొప్పి ఉందా?’ అన్న ప్రశ్నకు కొలాం ముసలమ్మ తెలుగులో జవాబు చెప్పలేక తల ఊపిందంటే ఆ తరగతి ప్రమాదంలో ఉన్నట్టే. శిక్షణ పాఠ్యాంశాల్లో సంస్కృత ఆసన నామాలకు ఎంత చోటు ఉందో, శరీర భాగాలు, నొప్పులు, అలసట చెప్పే గోండి, కొలామి మాటలకూ అంత చోటు ఉండాలి. ధ్రువీకరణ పరీక్షలో ప్రాక్టికల్స్, మౌఖికం గోండిలో చెప్పే వీలు, ఆ భాష వచ్చిన ఒక మూల్యాంకనకర్త ఉంటే అభ్యర్థుల సంఖ్య దానంతటదే పెరుగుతుంది.

సికిల్ సెల్: ఇక్కడ మొదటి పాఠం ఇదే

యోగా సిలబస్‌లో ఎక్కడో చివర నాలుగు వాక్యాలతో పోయే విషయం జైనూర్‌లో మొదటికి రావాలి. కొడవలి కణ రక్తహీనత (సికిల్ సెల్) దేశవ్యాప్తంగా గిరిజన సమూహాల్లో ఎక్కువ, ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేలకూ ఇది కొత్త కాదు. హిమోగ్లోబిన్ బీటా శృంఖలంలో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ చేరడం దీనికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నటి నాళాలను అడ్డుకుంటాయి, ఎముకలు విరిచినట్టు నొప్పి వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం.

జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైంది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం, వ్యాధి నిర్మూలనకు 2047 గడువు. ప్రపంచ సికిల్ సెల్ దినం జూన్ 19, అంటే యోగా దినోత్సవానికి రెండు రోజుల ముందు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ వ్యాధి కూడా ఉంది. సమ్మిళిత యోగా అంటే చక్రాల కుర్చీ బొమ్మ ఒక్కటే గుర్తొచ్చేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ఇక్కడ వైకల్యం బయటికి కనపడదు. మైదానంలో అందరిలాగే నిలబడి ఉంటుంది.

ఈ వ్యాధి ఉన్నవాళ్లకు నొప్పి తిరగబెట్టే కారణాలు డాక్టర్లు చెప్పేవి: ఒంట్లో నీరు తగ్గడం, అతిశ్రమ, చలి, ఆక్సిజన్ అందకపోవడం, జ్వరం. ఇప్పుడు మామూలు యోగా శిబిరాన్ని దీని పక్కన పెట్టి చూడండి. తెల్లవారుజామున, ఖాళీ కడుపుతో, ఆరుబయట, ఆపకుండా సూర్య నమస్కారాలు, తర్వాత ఊపిరి బిగబట్టే కుంభకం. మండలాన్ని ఆనుకునే ఉన్న సిర్పూర్ (యు) చలికాలంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. డిసెంబరులో పొద్దుగాల అయిదింటికి ఆశ్రమ పాఠశాల పిల్లల్ని పలుచటి టీ షర్టుతో బయట నిలబెట్టడం క్రమశిక్షణ కింద లెక్కకు రాదు.

స్థానిక శిక్షకుడికి తెలియాల్సినవి ఇవి. పిల్లల దగ్గర పరీక్ష కార్డు ఉందో లేదో ఏఎన్ఎంతో మాట్లాడి తెలుసుకోవాలి, ఆ వివరం పదిమందిలో చెప్పకూడదు. ఎండ కాస్త ఎక్కాక తరగతి పెట్టాలి. మధ్యమధ్య నీళ్లు తాగించాలి. కుంభకం వదిలేసి నెమ్మదైన శ్వాస, నాడీశుద్ధి వరకు ఆగాలి. సంఖ్య మీద పోటీ పెట్టకూడదు. ఎవరైనా ‘కాళ్లు గుంజుతున్నయి’ అంటే సోమరితనం అనకుండా కూర్చోబెట్టి దవాఖానకు కబురు చేయాలి. యోగా ఈ వ్యాధిని నయం చేస్తుందని పొరపాటున కూడా అనకూడదు, మందులు మానమనకూడదు. 200 గంటల్లో ఒక పది గంటలు దీనికి, రక్తహీనతకు, గర్భిణుల జాగ్రత్తలకు కేటాయిస్తే ఏ పతంజలి సూత్రమూ నష్టపోదు. బిందెలు నెత్తిన మోసే ఆడవాళ్లకు మెడ మీద బరువు పడే శీర్షాసనం ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడే వస్తుంది. తాడాసనం, కటిచక్రాసనం, వక్రాసనం, మార్జాలాసనం చీరలోనే చేయొచ్చు.

ఏ నెల, ఏ పూట

జూన్ 21 ఎండాకాలపు అయనాంతం, ఉత్తరార్ధగోళంలో పగలు పొడవైన రోజు. జైనూర్ రైతుకు అది మృగశిర కార్తె పోయి ఆరుద్ర వచ్చే వేళ. పత్తి, సోయా విత్తనం నేలలో పడుతున్న రోజులు. ఆ ఉదయం మైదానానికి వచ్చేది ఉద్యోగులు, విద్యార్థులు. రైతులు రాలేదని ‘అవగాహన లేదు’ అని రాసే అధికారి క్యాలెండర్ చూడలేదన్నమాట.

200 గంటల శిక్షణను రోజుకు రెండు గంటలు, వారానికి అయిదు రోజుల లెక్కన నడిపితే 20 వారాలు పడుతుంది. ఆ 20 వారాలు దొరకడమే కష్టం. ఆషాఢంలో అకాడి పూజలు, దీపావళి ముందు దండారీ, అక్టోబరు నుంచి పత్తి ఏరుడు, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర, ఎండలు ముదిరితే ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. పూర్తిగా ఖాళీ కాలం ఒకటంటూ లేదు. నెల రోజులు పట్నంలో హాస్టల్లో ఉండి నేర్చుకోమంటే వచ్చేది పెళ్లికాని మగపిల్లలే. పిల్లల తల్లి రాదు. అందుకని శిక్షణను ముక్కలు చేసి, సంత రోజు వదిలేసి, మండల కేంద్రంలో కొంత, గూడెంలో కొంత పెట్టడం తప్ప దారి లేదు.

ఓంకారం, రాజ్యాంగం, జైనూర్ బజారు

యోగాకు మతం ఉందా లేదా అన్న వాదనలో జవాబు రాసేవాడు చిక్కుకుపోకూడదు, అలాగని తప్పించుకోనూ కూడదు. 28(1) అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధనను నిషేధిస్తుంది. 2015లో తొలి యోగా దినోత్సవానికి ముందు ముస్లిం సంస్థల అభ్యంతరంతో సూర్య నమస్కారాలను అధికారిక కార్యక్రమం నుంచి తీసేశారు, ఓంకారం తప్పనిసరి కాదన్నారు. 2017 ఆగస్టులో పాఠశాలల్లో యోగా తప్పనిసరి చేయాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2015లో ఎన్సినీటస్ పాఠశాలల యోగా మతబోధన కాదని తీర్పిచ్చింది. అలబామా రాష్ట్రం 1993 నుంచి బడుల్లో ఉన్న యోగా నిషేధాన్ని 2021లో సడలించింది గానీ, ‘నమస్తే’ అనడాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

జైనూర్‌లో ఈ ప్రశ్న హిందువులు, ముస్లింలు అన్న ఇద్దరిదే కాదు, గోండులతో కలిపి ముగ్గురిది. గోండులకు తమ దేవుడు పెర్సాపేన్ ఉన్నాడు, సగల (వంశ వర్గాల) వారీగా కొలుపులున్నాయి. వాళ్ల తరఫున ‘ఇది మీ సంప్రదాయమే’ అని ఇంకొకరు ప్రకటించడం గౌరవం కాదు. ప్రార్థన ఐచ్ఛికం అని నోటితో చెబితే సరిపోదు, నిశ్శబ్దంగా కూర్చోవడాన్ని కూడా ఒక పద్ధతిగా శిక్షణలోనే నేర్పాలి. రంజాన్ మాసంలో వేళలు మార్చాలి, మహిళలకు మహిళా శిక్షకురాలు ఉండాలి.

2024 ఆగస్టు చివర ఒక ఆదివాసీ మహిళపై జరిగిన దాడి, సెప్టెంబరు 4న జైనూర్‌లో చెలరేగిన అల్లర్లు, తర్వాత నిషేధాజ్ఞలు, ఇంటర్నెట్ నిలిపివేత ఇక్కడ అందరికీ గుర్తే. యోగా తరగతితో అలాంటి గాయం మానుతుందని రాస్తే అది అతిశయోక్తి. న్యాయం కోర్టులో, పోలీసు దర్యాప్తులో జరగాలి. కానీ ఆ తర్వాత ఈ ఊళ్లో ఏ ఉమ్మడి కార్యక్రమం పెట్టినా ఆడవాళ్లు ఎక్కడ, ఎవరి మధ్య, ఎన్నింటికి ఇంటికి చేరతారన్నది మొదటి ప్రశ్న అవుతుంది. మహిళా బ్యాచ్‌ను స్వయం సహాయక సంఘం సమావేశం జరిగే చోటే, అదే వేళకు పెట్టడం అందుకే మేలు.

ఎంపిక, జీతం

షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకు బలం ఇచ్చింది 1996 నాటి పెసా చట్టం. శిక్షణార్థిని గ్రామసభ ఎంపిక చేస్తే, పటేల్ (గూడెం పెద్ద), దేవారి (పూజారి), రాయిసెంటర్ (గోండు పంచాయితీ) పెద్దలు ముందుంటే ఆ మనిషి తరగతికి జనం వస్తారు. ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. పెద్దలు తమ ఇంటి పిల్లవాణ్నే పంపొచ్చు. ఒక మగ, ఒక ఆడ తప్పనిసరి అన్న నియమం, కొలాం, తోటీ గూడేలకు విడిగా సీట్లు ఉంటే అది కొంత తగ్గుతుంది.

జీతం దగ్గర మాట తడబడకూడదు. 2020లో కేంద్రం ఆమోదించిన 12,500 ఆయుష్ ఆరోగ్య కేంద్రాల పథకంలో పార్ట్‌టైం యోగా శిక్షకులకు సెషన్ లెక్కన చెల్లింపు పెట్టారు. పురుష శిక్షకుడికి నెలకు 32 సెషన్లకు 8,000 రూపాయలు, మహిళా శిక్షకురాలికి 20 సెషన్లకు 5,000. సెషన్‌కు 250 రూపాయలే ఇద్దరికీ, అయినా ఆమె చేతికి తక్కువ వస్తుంది. ఎక్కువ సెషన్లు మగవాళ్లకే ఎందుకన్న ప్రశ్న అడగాల్సిందే. జైనూర్ లాంటి చోట ఆడవాళ్ల బ్యాచ్‌లే ఎక్కువ అవసరం కాబట్టి లెక్క తిరగబడాలి. సేవాభావం పేరుతో ఉచితంగా నేర్పమంటే పత్తి ఏరే కూలి వదులుకుని ఎవరూ రారు, రావాలని కోరుకోవడం న్యాయమూ కాదు.

మెయిన్స్‌లో అడిగితే

నమూనా ప్రశ్న: షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆరోగ్య కార్యక్రమాలు నిలదొక్కుకోవడంలో స్థానిక శిక్షకుల పాత్రను ఉదాహరణలతో చర్చించండి.

దీనికి పతంజలితో మొదలుపెట్టకండి. మొదటి పేరాలోనే మార్లవాయి, 1943 రాయండి. ఇతర అభ్యర్థుల పేపర్లలో అది ఉండదు. రెండో పేరాలో ఆశా నమూనా, యోగా సర్టిఫికేషన్ బోర్డు మెట్లు, ఆయుష్ కేంద్రాల చెల్లింపు. మూడో పేరా సికిల్ సెల్‌కు వదిలేయండి, మిషన్ తేదీ, దివ్యాంగుల చట్టంతో లంకె తప్పక ఉండాలి. రాజ్యాంగ అధికరణలు 244(1) (షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన), 350ఎ, 28 ఎక్కడ అవసరమో అక్కడే పడాలి, వరుసగా పేర్చితే బట్టీ అని తెలిసిపోతుంది. విమర్శ కూడా రాయండి: రికార్డుల మీద మోజు, సెషన్ లెక్కన చెల్లింపులో తేడా, విత్తనాల వేళ వచ్చే దినోత్సవం. ‘గిరిజనుల్లో మూఢనమ్మకాలు ఎక్కువ, కాబట్టి అవగాహన కల్పించాలి’ అన్న వాక్యం మీ పేపర్లో కనబడితే, దిద్దేవారు ఆసిఫాబాద్ వైపు మనిషైతే అక్కడే పెన్ను ఆగుతుంది.